ఇచ్చినదెవరు?

దత్తత మనవాళ్ళకి కొత్త కాదు. దత్తతకి ఇంత కాయితం కావలసి రావడమే కొత్త. మా తాతల కాలంలో ఒక హోమం, నలుగురు పెద్దమనుషులు, ఒక పూట భోజనాలు ఉంటే పని అయిపోయేది. ఇక్కడ శాన్ రామన్‌లో మా ఇంట్లో ఇప్పుడు మూడంగుళాల మందం బైండరు ఒకటి ఉంది. రెండేళ్ళ నాలుగు నెలల్లో అది అంత లావయింది. నేను సాఫ్ట్‌వేర్ మీద బతికేవాణ్ణి. ఒకే సమాచారాన్ని మూడు చోట్ల అడిగే అప్లికేషన్ కనిపిస్తే డిజైన్ బాగాలేదని రిపోర్టు రాస్తాను. ఆ అలవాటుతోనే ఈ దత్తత వ్యవహారాన్ని ఎవరు ఇలా తయారుచేశారు, ఎందుకు తయారుచేశారు అని వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళాను. వెళ్ళగా వెళ్ళగా ఆ దారి మా నల్లగొండ జిల్లాకే వచ్చి ఆగింది.

మొదట పాత సంగతి. ధర్మశాస్త్రాల ప్రకారం దత్తత పెద్దవాళ్ళ అవసరం. పిండం పెట్టడానికి, వంశం నిలబెట్టడానికి కొడుకు కావాలి, లేకపోతే తెచ్చుకోవాలి. ఆస్తి ఉన్న ఇళ్ళలో ఇది ఇంకా పెద్ద విషయం. మన జమీందారీల చరిత్ర తిరగేస్తే దత్తత దావాలు కొల్లలు. పిఠాపురం వారి దావా 1899లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. దత్తత తెచ్చుకున్న కొడుకు ఒకవైపు, తరువాత పుట్టి, వీలునామాలో జమీ రాయించుకున్న కొడుకు ఇంకొకవైపు. దత్తుడు ఓడిపోయాడు. రెడ్డి, కమ్మ కుటుంబాల్లో కొడుకు లేకపోతే అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకుని కొడుకులాగా ఆస్తి ఇచ్చే ఆచారం ఉండేది. మద్రాసు కోర్టులు దాన్ని ‘ఇల్లటం’ పేరుతో గుర్తించాయి. వీటిలో ఎక్కడా పిల్లవాడికి ఏం కావాలన్న ప్రశ్న లేదు. అది ఆ కాలపు లోపం.

అయితే ఆ పాత పద్ధతిలో ఒక మంచి ఉంది. దత్తతకి ప్రాణం ‘ఇవ్వడం, పుచ్చుకోవడం’. కన్నవాళ్ళు తమ చేతులతో బిడ్డని ఇవ్వాలి, పెంచుకునేవాళ్ళు చేతులు చాపి పుచ్చుకోవాలి. ఆడపిల్లల్ని కూడా దత్తత తీసుకోవచ్చని చెప్పిన 1956 నాటి హిందూ దత్తత చట్టం హోమాన్ని తప్పనిసరి కాదంది గానీ, ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని మాత్రం వదల్లేదు. ఇచ్చినదెవరు అని ఎవరూ అడగనక్కరలేదు, ఊరంతా చూసింది. ఇచ్చిన తల్లి రెండు వీధుల అవతలే ఉంటుంది. పండక్కి పిల్లాణ్ణి చూసి పోతుంది.

మా అమ్మకి తెలిసిన దత్తత ఇదే. అందుకే ఫోన్లో ప్రతిసారీ అదే మాట. “ఏంది బిడ్డా, మన సుట్టాలల్ల పిల్లలు లేరా? ఒక పిల్లను తెచ్చుకునేతందుకు గిన్ని కాయిదాలా?” ఆమెకి చెప్పడం కష్టం. చుట్టాల పిల్లని రిజిస్ట్రారు ఆఫీసులో దత్తత పత్రం రాయించుకుని విమానం ఎక్కించేస్తే సరిపోదు. పదహారేళ్ళ లోపు దత్తత జరిగి, ఆ పిల్లతో రెండేళ్ళు కలిసి కాపురం చేసి, ఆ రెండేళ్ళూ చట్టపరమైన బాధ్యత మనదే అయి ఉంటేనే అమెరికా ఇమిగ్రేషన్ చట్టం సొంత బిడ్డగా ఒప్పుకుంటుంది. ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ అక్కడ రెండేళ్ళు ఎవరుంటారు? అది కాకపోతే అంతర్జాతీయ దత్తత దారిలో, అందరితోపాటు వరసలో నిలబడాలి.

ఆ దారి ఎలా పడిందో చూద్దాం. 1956 చట్టం హిందువులకే కాబట్టి విదేశీయులు దాని కింద మన పిల్లల్ని దత్తత తీసుకోలేకపోయేవారు. బ్రిటిష్ వారు 1890లో చేసిన గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టులో సంరక్షకులుగా ఉత్తర్వు తెచ్చుకుని, పిల్లని తమ దేశం తీసుకుపోయి, అక్కడ దత్తత చేసుకునేవారు. దేశం దాటాక ఆ పిల్ల ఏమయిందో అడిగే నాథుడు లేడు. 1982లో లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది ఈ సంగతి మీద సుప్రీంకోర్టుకి ఒక ఉత్తరం రాశాడు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1984 ఫిబ్రవరిలో జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పు ఈనాటి బైండర్లన్నిటికీ ముత్తాత. బిడ్డ మొదట కన్నవాళ్ళ దగ్గర ఉండాలి, అది కుదరకపోతే దేశంలోనే ఇంకో ఇంట్లో, అదీ కుదరకపోతేనే విదేశం. తల్లి మీద ఒత్తిడి ఉండకూడదు. బిడ్డ పుట్టకముందే తల్లి చేత ఒప్పుకోలు రాయించుకోకూడదు. దత్తతలో ఎవరూ లాభం చేసుకోకూడదు. దత్తత పెద్దవాళ్ళ అవసరం కాదు, బిడ్డ అవసరం అని మన దేశంలో గట్టిగా చెప్పింది ఈ తీర్పే. దాని ఫలితంగా 1990లో ‘కారా’ అనే కేంద్ర దత్తత సంస్థ ఏర్పడింది.

కాయితం మీద అంతా బాగానే ఉంది. పదిహేనేళ్ళకి అదే కాయితం మన తెలుగునేల మీద అబద్ధమాడింది.

1999లో హైదరాబాదులో పిల్లల అమ్మకం కేసులు బయటపడ్డాయి. నేనప్పుడు అక్కడే ఇంజనీరింగ్ చదువుతున్నాను. పేపర్లలో తాండూరు, చేవెళ్ళ, దేవరకొండ పేర్లు వరసగా వచ్చేవి. దేవరకొండ చుట్టుపక్కల లంబాడీ తండాలు నేను చిన్నప్పటి నుంచీ చూసినవే. అద్దాల రవికెలు, వెండి కడియాలతో సంతకి వచ్చే ఆడవాళ్ళు మా ఊరి బజారుకీ వచ్చేవారు. వాళ్ళ తాతముత్తాతలు ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దక్కను అంతా తిరిగిన వర్తకులు. రైళ్ళూ రోడ్లూ వచ్చి ఆ వర్తకం పోయింది. మెట్ట భూముల్లో, కరువు చోట్ల స్థిరపడ్డారు. ఒకప్పుడు పిల్లకి ఓలి ఇచ్చి చేసుకునే ఆచారం వాళ్ళది. అది పోయి వరకట్నం వచ్చింది. ఆడపిల్ల పుడితే ఇంటికి సొమ్ము వచ్చే కాలం పోయి, అప్పు వచ్చే కాలం దాపురించింది. మూడో ఆడపిల్లో నాలుగో ఆడపిల్లో పుట్టిన ఇంటికి దళారులు వెళ్ళేవారు. కొన్ని వందలకో, కొన్ని వేలకో బిడ్డ చేతులు మారేది. అవతలి ఒడ్డున పెంచుకునేవాళ్ళు కట్టే ఫీజులు వేల డాలర్లలో ఉండేవి. ఆ రెండంకెల మధ్యలో ఉన్నవాళ్ళు బాగుపడ్డారు.

అరెస్టులు జరిగాయి, సద్దుమణిగింది. 2001లో మళ్ళీ అవే వార్తలు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ గీతా రామస్వామి వంటివారు, మహిళా సంఘాలు పట్టువదలకుండా దీని వెంటపడ్డారు. పేదరికం వల్లనో, ఆడపిల్ల అనో బిడ్డని వదులుకుంటున్నామని రాయించే ఒప్పుకోలు పత్రాలు ఇక చెల్లవని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ పత్రాల్లోనే ఉంది కిటుకంతా. పైన స్టాంపు, కింద తల్లి వేలిముద్ర. చదవడం రాని మనిషి, తనది కాని భాషలో రాసిన కాయితం మీద వేసిన వేలిముద్ర అది. ఇవ్వడం అక్కడ లేదు. పుచ్చుకోవడం ఒక్కటే ఉంది.

అవతలి ఒడ్డు నుంచి ఈ కథ చెప్పినవాడు డేవిడ్ స్మోలిన్. అలబామాలోని కంబర్లాండ్ న్యాయ కళాశాలలో ప్రొఫెసరు. ఆయనా, ఆయన భార్యా 1998లో హైదరాబాదులోని ఒక సంస్థ ద్వారా ఇద్దరు అక్కచెల్లెళ్ళని దత్తత తీసుకున్నారు. కాయితాలన్నీ సక్రమం. పిల్లలు ఇంటికి వచ్చాక తెలిసింది, తల్లి బతికే ఉందనీ, పిల్లల్ని దత్తతకి ఇవ్వనే లేదనీ. హాస్టల్లో ఉంచితే చదువుకుంటారని చేర్చింది, అంతే. ఆమె ఆచూకీ దొరకడానికి ఏళ్ళు పట్టింది. అప్పటికి పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు. ఆ తరువాత స్మోలిన్ తన వృత్తినే దీనికి అంకితం చేశాడు. నల్లడబ్బుని తెల్లడబ్బు చేసినట్టే, ఎత్తుకొచ్చిన బిడ్డని కాయితాలతో ‘అనాథ’గా మార్చే పద్ధతి గురించి 2005, 2006లలో పెద్ద వ్యాసాలు రాశాడు. ప్రపంచంలో అంతర్జాతీయ దత్తత గురించి ఎవరు చదివినా ఆ వ్యాసాలు చదవక తప్పదు. అంటే మన తండాల పేర్లు కూడా చదవక తప్పదు.

ఇప్పుడు బైండరు దగ్గరికి వద్దాం. 1993 నాటి హేగ్ ఒప్పందాన్ని భారతదేశం 2003లో ఆమోదించింది. అమెరికాలో అది 2008 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం దళారికీ, పెంచుకునేవాళ్ళకీ మధ్య నేరుగా బేరం ఉండకూడదు. రెండు ప్రభుత్వాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ముందు ఇక్కడ గుర్తింపు పొందిన ఏజెన్సీ హోమ్ స్టడీ చెయ్యాలి. తరువాత ఐ-800ఏ ఫారం, వేలిముద్రలు. అది ఆమోదం పొందాక అక్కడ ‘కారా’ వారి ఆన్‌లైన్ వరసలో చోటు. బిడ్డ వివరాలు వచ్చాక ఐ-800. ఢిల్లీలోని అమెరికన్ ఎంబసీ నుంచి ఒక లేఖ, ‘కారా’ నుంచి అభ్యంతరం లేదని ఇంకో లేఖ. ఆ తరువాత దత్తత ఉత్తర్వు. 2022 సెప్టెంబరు నుంచి దీన్ని కోర్టు బదులు జిల్లా మెజిస్ట్రేట్ ఇస్తున్నారు. ఆపైన పాస్‌పోర్టు, వీసా. ఇంటికి వచ్చాక రెండేళ్ళలో ఆరు రిపోర్టులు.

ఇవన్నీ ఒక్కొక్కటీ పెట్టి చూస్తే రెండు రకాల కాయితాలు కనిపించాయి. మొదటి రకం, ‘ఇచ్చినదెవరు?’ అని అడిగేవి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, బిడ్డని అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి అరవై రోజుల గడువు ఉంది. ఎవరో వదిలేసిన బిడ్డ అయితే కన్నవాళ్ళ కోసం వెతికి, రెండేళ్ళ లోపు పిల్లకి రెండు నెలల్లో, పెద్ద పిల్లకి నాలుగు నెలల్లో బాలల సంక్షేమ సమితి తేల్చాలి. ఆ అరవై రోజులు తండాలోని తల్లికి ఎవరూ ఇవ్వలేదు. ఆ రోజుల కోసం మేము ఎన్ని నెలలైనా ఆగుతాం.

రెండో రకం, అడిగిందే అడిగేవి. మా పెళ్ళి సర్టిఫికెట్టు ఈ కౌంటీదే. దాని కోసం మార్టినెజ్ వెళ్ళాను, దాని మీద అపోస్టిల్ ముద్ర కోసం శాక్రమెంటో వెళ్ళాను. వేలిముద్రల గడువు పదిహేను నెలలు. మా వేళ్ళు మారలేదు, కాని మళ్ళీ వెయ్యమన్నారు. ఒక ఆఫీసులో మా ఫైలు ఒక సంతకం కోసం ఏడు వారాలు బల్ల మీద ఉంది. ఈ కాయితాలు ఏ తల్లినీ కాపాడవు. ఈలోపు అక్కడ ఒక శిశుగృహంలో ఒక పిల్ల తప్పటడుగులు వేసి, మాటలు నేర్చి, వచ్చిన ప్రతి మనిషినీ అమ్మా అని పిలవడం మొదలుపెట్టి, మానేస్తుంది.

తప్పులు చేసినవాళ్ళకి భయపడి తలుపులే మూసేస్తే ఏమవుతుందో కూడా చూస్తున్నాం. 2004లో అమెరికాకి దత్తత వచ్చిన పిల్లలు సుమారు 23 వేలు. 2023లో 1,300 కూడా లేరు. ఎక్కువమంది పిల్లల్ని పంపిన చైనా 2024లో ఈ దారి మూసేసింది. మన దేశంలో ‘కారా’ ద్వారా ఏటా జరిగే దత్తతలు నాలుగు, నాలుగున్నర వేలు. వరసలో ఉన్న తల్లిదండ్రులు 30 వేలకి పైనే. అంటే వెనకటిలా పిల్లని తెచ్చిపెట్టే దళారికి ఈనాటికీ గిరాకీ ఉన్నట్టే. వరస ఎంత పొడుగైతే, అడ్డదారి అంత దగ్గరగా కనిపిస్తుంది. మొదటి రకం కాయితాన్ని నమ్మకంగా నడపాలంటే రెండో రకాన్ని తగ్గించాలి. అనవసరపు ఆలస్యం నిజాయితీగా నిలబడినవాణ్ణే శిక్షిస్తుంది.

హోమ్ స్టడీకి వచ్చిన సోషల్ వర్కరు ఒక పెద్దావిడ. మా జీతాలు, జబ్బులు, పొగ అలారాలు అన్నీ రాసుకున్నాక చివర్లో అడిగింది. “పిల్ల పెద్దదై కన్నతల్లి గురించి అడిగితే ఏం చెబుతారు?” నేను మాటలు వెతుక్కుంటుంటే మా ఆవిడ అంది. “ఉన్నది ఉన్నట్టు చెబుతాను. అందుకు ముందు ఉన్నదేమిటో మాకు తెలియాలిగా.”

బైండరు అవసరం అదే అనిపిస్తోంది నాకు. దత్తత వెళ్ళిన బిడ్డ పద్దెనిమిదేళ్ళు నిండాక తన మూలాలు వెతుక్కోవడానికి మన నిబంధనలు ఇప్పుడు వీలిస్తున్నాయి. అప్పుడు ఆ పిల్లకి సాక్ష్యం చెప్పడానికి ఊరు ఉండదు, హోమం చూసిన పెద్దమనుషులు ఉండరు. రెండు వీధుల అవతల తల్లి ఉండదు. ఉండేది ఈ ఫైలే. అందులో ఒక్క కాయితమైనా అబద్ధమైతే, మేము పెంచిన పెంపకమంతా ఆ అబద్ధం మీద నిలబడి ఉంటుంది. అందుకే వచ్చిన ప్రతి కాయితాన్నీ చదివే సంతకం పెడుతున్నాం, మాకు వచ్చే బిడ్డ వివరాల్లో తేదీకీ తేదీకీ పొంతన లేకపోతే అడగాలని నిర్ణయించుకున్నాం. అడిగినందుకు వరసలో వెనక్కి పోయినా సరే. మా అమ్మకి కూడా ఈ మధ్య ఇలాగే చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత, “అయితే ఆ కన్నతల్లి పేరు గూడ రాసి పెట్టు బిడ్డా” అంది.