ళ పక్కన ఖాళీ పీట

ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళ సంగతి ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? జమ్మలమడుగు అనగానే గండికోట గుర్తొస్తుంది. పులివెందుల పేరు సరేసరి. కానీ ఈ మూడు ఊళ్ళ చుట్టుపట్ల సీమను పూర్వం రేనాడు అనేవారనీ, మనకు దొరికిన తొలి తెలుగు శాసనాలు ఆ నేలవేననీ ఎంతమందికి గుర్తుంది?

ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళ శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిది. కమలాపురం వైపు ఎర్రగుడిపాడు శాసనమూ ఇంచుమించు ఆ కాలానిదే. సంస్కృతంలో కాక, జనం మాట్లాడుకునే తెలుగులో వాటిని వేయించినవాళ్ళు రేనాటి రాజులు. వీళ్ళను ఒక పుస్తకంలో చోళులంటారు, ఇంకోదాంట్లో చోడులంటారు. ఏది ఒప్పండీ అంటే, రెండూ తర్వాత వచ్చిన రూపాలే! ఆ వంశం వాళ్ళ శాసనాల్లో కనిపించేది ‘చోఴ’. చివరిది ళ కాదు, డ కాదు. ‘ఴ’ అనే వేరే అక్షరం.

తమిళులు తమ భాష పేరు పలికేటప్పుడు చివర నాలుక వెనక్కి మడుస్తారు చూడండి, అదే దీని ధ్వని. ఒకప్పుడు మన నోళ్ళలోనూ ఉండేది. రానురాను చాలా మాటల్లో డ అయింది, కొన్నిట్లో ర అయింది. వాళ్ళ కోఴి మన కోడి. వాళ్ళ ఏఴు మన ఏడు. వాళ్ళ కీఴ్ మన క్రింద. నన్నయగారి కాలానికే, అంటే 11వ శతాబ్దానికే, ఈ అక్షరం మన రాతలోంచి తప్పుకుంది.

వెయ్యేళ్ళ తర్వాత దాని అవసరం మళ్ళీ కంప్యూటరు వల్ల వచ్చింది. ఆ యంత్రానికి అక్షరమంటే ఒక అంకె. ప్రపంచంలోని లిపులకు అలా అంకెలు కేటాయించే ఏర్పాటు యూనికోడ్. దాని మొదటి కూర్పు 1991లో వచ్చింది. అందులో మన దేశపు ముఖ్యమైన లిపులను భోజనాల పంక్తుల్లా ఒకే వరసలో కూర్చోబెట్టారు. తెలుగు పంక్తిలో ళ అంకె 3123, వ అంకె 3125. మధ్యలో 3124? తమిళ, మలయాళ పంక్తుల్లో సరిగ్గా ఆ చోట ఴ దర్జాగా కూర్చుంది. మన పంక్తిలో మాత్రం పీట ఖాళీ!

2012లో శ్రీరమణ శర్మ, సురేశ్ కొలిచాల, నాగార్జున వెన్న, వినోద్ రాజన్ కలిసి, పాత రాతల సాక్ష్యం చూపి అర్జీ పెట్టారు. 2014లో వచ్చిన 7వ కూర్పులో ఆ పీట మన ఴకు దక్కింది. నేపాల్, సిక్కింలలోని లింబూ జనం లిపికి కూడా అదే కూర్పులో రెండు అక్షరాలు చేరాయి. చిన్నవాళ్ళ గోడూ వినేవాళ్ళున్నారన్నమాట!

చచ్చిపోయిన అక్షరానికి ఇంత హడావుడి ఎందుకు, ళ రాసుకుంటే పోలా అనవచ్చు. నవలలు రాసుకునే నాకు మాత్రం అలా అనిపించదు. అమ్మమ్మ కాసులపేరు చెరిపి కొత్తరకం గొలుసు చేయించుకుంటే బంగారం మనింట్లోనే ఉంటుంది. అమ్మమ్మ ఉత్తరంలో అక్షరాలు దిద్దితే ఆవిడ గొంతు పోతుంది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు మన భాష వయసు చెప్పుకుని మురిశాం. ఆ వయసుకు సాక్షులైన రాళ్ళ మీద ఏముందో అదే రాసుకోవద్దూ?

పీట వేశారు గానీ వడ్డన ఇంకా పూర్తికాలేదు. ఫాంటు చేసేవాళ్ళు ఈ అక్షరం బొమ్మ కూడా గీసి పెడితేనే తెరమీద కనబడుతుంది. లేకపోతే అక్కడ వట్టి గడి వెక్కిరిస్తుంది. ఈలోగా మనం చేయగలిగింది ఒకటుంది. పిల్లలు చరిత్ర పాఠంలో ‘రేనాటి చోళులు’ అని చదువుతుంటే ఒక్క నిమిషం ఆపి, కోఴి కోడి అయిన కథ చెప్పండి. సరదాపడి వింటారు.