పావగడ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు: దూరమెంత, కాలమెంత?

విమానపు టిక్కెట్టు మీద ఎక్కే చోటు, దిగే చోటు, పట్టే గంటలు అచ్చయి ఉంటాయి. పావగడ పేరు మాత్రం దానిపై ఉండదు. అయినను ఆ తాలూకా నుండి వచ్చిన మన కుటుంబాలకు ప్రయాణమంటే అక్కడి గడప నుండి ఇక్కడి గడప వరకు. ఆ దూరం కథ ఈ ఉగాదికి చెప్పుకొందాము.

పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లా తాలూకా. అయితే మూడువైపుల ఆంధ్ర భూమియే. మడకశిర ప్రాంతం అడ్డు రావడంచేత తన జిల్లా నుండియే విడివడి ఉన్నది. ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడం. రైలు కొరకు ఎల్ల దాటి హిందూపురం పోవడం తరతరాల అలవాటు.

పూర్వం ఈ ఎల్ల లేదు. 12, 13 శతాబ్దాలలో నిడుగల్ చోళులకు హేంజేరు, నిడుగల్లు రెండును రాజధానులే. హేంజేరు, అనగా హేమావతి, నేడు ఆంధ్రలో ఉన్నది. నిడుగల్లు పావగడ తాలూకాలో ఉన్నది. 1799లో శ్రీరంగపట్టణం పడిపోయిన పిమ్మట పావగడ మైసూరు సంస్థానంలో నిలిచింది. మరుసటి యేడు నిజాము ఇచ్చివేసిన దత్తమండలాలతో పెనుకొండ కంపెనీవారి పాలైంది. 1956 నవంబరు 1న భాషలనుబట్టి రాష్ట్రాలు ఏర్పడినప్పుడు కూడ పావగడ మైసూరులోనే ఉండిపోయింది.

నేలమీది గీత కదలలేదు గాని, ఆకాశపు దారి కుదించుకొని పోయింది. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా వారి 'మలబార్ ప్రిన్సెస్' బొంబాయిలో బయలుదేరి కైరో, జెనీవాల మీదుగా లండను చేరింది. 1960 మే నెలలో బోయింగ్ 707 జెట్టు విమానాలతో న్యూయార్కు సర్వీసు మొదలైంది. 2008 మే 24న బెంగుళూరుకు ఉత్తరాన దేవనహళ్ళి వద్ద కొత్త విమానాశ్రయం తెరిచారు. పాత విమానాశ్రయానికి పట్నమంతా దాటవలసిన పావగడవారికి అది కలిసివచ్చింది.

2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బెంగుళూరుకు ఎక్కడా దిగని విమానం బయలుదేరింది. నడిపినవారందరు స్త్రీలే. దూరం సుమారు 14,000 కిలోమీటర్లు, కాలం సుమారు 17 గంటలు. 9వ తేదీ రాత్రి లేచి 11వ తేదీ తెల్లవారుజామున దిగింది; తక్కిన గంటలు రెండు ఊళ్ళ గడియారాల తేడా. ఈ రెండు ఊళ్ళు భూగోళానికి దాదాపు ఎదురెదురు ప్రక్కల ఉన్నందున దగ్గరి దారి ఉత్తరధ్రువం మీదుగా పోతుంది. పటం మీద స్కేలుబద్ద పెట్టి గీసే గీత కంటె ఇది చాల పొట్టి.

అయినను దేవనహళ్ళిలో దిగినవారికి ఇంకను కొన్ని గంటల రోడ్డు ఉన్నది. రాయదుర్గం, తుమకూరుల మధ్య పావగడ మీదుగా వేసే రైలుమార్గం 2007-08లోనే మంజూరైనది. ధ్రువం మీది దారి తెరచుకొనే నాటికి కూడ ఆ రైలు పావగడ చేరలేదు. ఊరిలో తల్లికి జబ్బుచేసినదని ఫోను వచ్చిన రాత్రి ఆ కడపటి గంటలే మిక్కిలి పొడవు.

రైలు వేయడం మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఒకటే. ఇక్కడ పుట్టిన పిల్లలు సెలవులకు అవ్వాతాతల దగ్గరకు పోయినప్పుడు వారితో తెలుగులో మాట్లాడలేకపోతే, 17 గంటలలో దాటిన దూరం గడప దగ్గర మళ్ళీ మొదలవుతుంది. ఈ యేడు ప్రతి ఇంటిలో పిల్లలకు ఊరి పేరు, దారి, నాలుగు తెలుగు మాటలు నేర్పుదాము.

అందరికి ఉగాది శుభాకాంక్షలు.