నడుము దగ్గర వెతికితే దొరకని కణితి

రామగిరి మండలంలో ఎవరికైనా నడుము నొప్పి అంటే ముందు గుర్తొచ్చేది బొగ్గు బాయి పనే. సెంటినరీ కాలనీ చుట్టూ అడ్రియాల లాంగ్‌వాల్ గని, ఓపెన్‌కాస్టులు ఉన్నాయి. డంపర్ సీటులో ఏళ్ల తరబడి కుదుపులు తిన్నవారికి నడుము నొప్పి ఎక్కువని వివిధ దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. కానీ ఆ కుదుపుల వల్ల వెన్నుపాములో కణితి పుడుతుందనడానికి ఆధారం లేదు. నా ఆందోళన వేరు: ఇంతమందికి డిస్కు నొప్పి ఉన్నచోట, అరుదుగా ఒకరికి వచ్చే కణితి కూడా అదే లెక్కలో కలిసిపోవచ్చు.

పెద్దవాళ్లలో వెన్నుపాము సాధారణంగా నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. వెన్నుపాము లోపల పుట్టే కణితులు ఎక్కువగా మెడ, వీపు భాగాల్లో ఉంటాయి. నడుము వరకే ఎంఆర్ఐ తీస్తే అరిగిన డిస్కు కనబడుతుంది, అందరూ కారణం దొరికిందనుకుంటారు. 1887లో లండన్‌లో విక్టర్ హార్స్‌లీ తొలిసారి వెన్ను కణితిని విజయవంతంగా తీసినప్పుడు కూడా ముందు తెరిచిన చోట ఏమీ లేదు. ఇంకా పైకి వెళ్తేనే కణితి దొరికింది. లక్షణాలను బట్టి చోటు ఊహించడం అంత కష్టం.

ఇప్పుడు కాంట్రాస్ట్ ఎంఆర్ఐ చోటుతోపాటు స్వభావాన్నీ కొంత చెబుతుంది. పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే ఎపెండైమోమా అనే రకం కణితి వెన్నుపాము మధ్యలో అంచులు తేలి ఉంటుంది, చాలాసార్లు పూర్తిగా తీయగలరు. ఆస్ట్రోసైటోమా అనే రకం నరాల పోగుల్లోకి అల్లుకుపోతుంది. పోగులు పక్కకు జరిగాయా, కణితిలో చిక్కుకున్నాయా అన్నది ముందే తెలుసుకోవడానికి, 1994లో రూపుదిద్దుకున్న డిఫ్యూజన్ టెన్సర్ అనే ఎంఆర్ఐ పద్ధతిని వాడుతున్నారు. అది నీటి అణువులు ఏ దిశగా కదులుతున్నాయో కొలుస్తుంది. తెర మీది రంగుల గీతలు ఆ కొలతల నుంచి కంప్యూటర్ అంచనా వేసినవే, అవి నరాల ఫొటోలు కావు. వాపు ఉన్నా, రక్తం చేరినా గీత తెగిపోవచ్చు, పోగు మాత్రం బతికే ఉండవచ్చు. పైగా వేలంత సన్నని వెన్నుపాము ఊపిరితో, గుండె లయతో కదులుతుంటుంది, కొలతకు అదీ ఇబ్బందే.

2010లో వచ్చిన ఒక అధ్యయనం ఈ గీతలను ఆపరేషన్‌లో కనిపించినదానితో పోల్చింది. ఫలితం ఆశాజనకమే, కానీ అందులో ఉన్నది 14 మంది రోగులు. ఇంత తక్కువమందితో సర్జన్ చేతికి హద్దు గీయలేం. అందుకే ఆపరేషన్ బల్ల మీద నరాల సంకేతాలను క్షణక్షణం చూస్తారు. వెన్నుపాము పొర మీద నమోదయ్యే డి-వేవ్ అనే సంకేతం సగానికి పడిపోతే సాధారణంగా చేయి ఆపుతారు.

ఆపరేషన్ ముందు నడవగలిగినవారే తర్వాత నడిచే అవకాశం ఎక్కువన్నది పలు అధ్యయనాల్లో నిలిచిన మాట. అందుకే పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, కాలి చెప్పు జారినా తెలియకపోవడం, కాళ్లు బిగుసుకుపోవడం, మూత్రం పట్టు తప్పడం కనబడితే నడుము ఫిల్ముతో సరిపెట్టకూడదు. మెడ నుంచి కింది దాకా మొత్తం వెన్ను ఎంఆర్ఐ అవసరమా అని దగ్గర్లోని గోదావరిఖనిలోనే డాక్టర్‌ను అడగాలి. మూత్రం ఆగిపోయినా, కాళ్లు పడిపోతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.