ఐతారం పొద్దుగాల టీవీ ముచ్చట

అన్నలారా, మనుమలకు ఏం సీరియల్ చూపెట్టాలె అని అడిగితే నేను పాత దూరదర్శన్ దిక్కే చూపిస్త.

రామానంద్ సాగర్ రామాయణం 1987 జనవరి 25న మొదలైంది, 1988 జులై 31 దాకా ఐతారం ఐతారం వచ్చేది. నేనప్పుడు కామారెడ్డిల ఇంటర్. మనది ఇంకా నిజామాబాద్ జిల్లానే, కామారెడ్డి జిల్లా అయింది 2016ల. ఎల్లారెడ్డి దిక్కు మా ఊర్ల టీవీ ఉన్న ఇండ్లు ఒకటో రెండో. ఒకడు మిద్దె మీద యాంటెన్నా తిప్పుడు, కింద నుంచి ఇంకొకడు "ఆగు, వచ్చింది" అని ఒర్రుడు! మాటలన్నీ హిందీ. మరి సదువురాని ముసలవ్వలకు ఎట్ల సమజైంది? చిందు భాగోతం, హరికథ చూసిన కండ్లు గదా, కథ ముందే ఎరుక. పక్కన కూసున్న మాకు తెలుగుల చెప్పింది వాళ్లే. నాకొచ్చిన రామాయణం సగం గట్లనే వచ్చింది.

2020 మార్చి 28 నుంచి లాక్‌డౌన్‌ల మళ్లీ వేసిండ్రు. మా మనుమడు ఫోన్ లేనిది బుక్క ముట్టడు. బాణాలు ఎదురెదురుగ మెల్లగ పోతుంటే నవ్విండు. జటాయువు కూలినప్పుడు మాత్రం ఫోన్ కింద పెట్టి, "తాతా, సచ్చిపోయిందా?" అన్నడు.

ఇప్పుడు మాల్గుడి డేస్ పెట్టిన. ఆర్.కె. నారాయణ్ కథలు, శంకర్ నాగ్ తీసిండు. అదీ హిందీయే. వాన్ని టీవీ ముందట కూసోపెట్టి నేను మడికి నీళ్లు కట్టపోతనంటే కుదరదు, పక్కన కూసోని చెప్పాలె.