దాది బొంత తిరిగొచ్చింది

మన తండాల్లో బొంత అంటే ఇప్పుడు చాలామందికి నామోషీ. దాని చరిత్ర కొంచెం చూద్దాం.

మన బంజారా పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగినవాళ్లు. దారిలో పరుపులెక్కడివి? పాత బట్టలే పొరలుగా పేర్చి బొంత కుట్టుకునేవాళ్లు. సంచులకు అద్దాలు, గవ్వలు పెట్టేవాళ్లు.

1853లో రైలు మొదలయ్యాక ఆ వ్యాపారం మెల్లగా పోయింది. 1871లో తెచ్చిన చట్టం ఎన్నో సంచార జాతుల మీద నేరస్తులన్న ముద్ర వేసింది. తండాలు ఒకచోట స్థిరపడ్డాయి. తర్వాత మిల్లు దుప్పట్లొచ్చాయి. మా దాది తన కుట్టు బట్టలన్నీ స్టీలు గిన్నెలకు ఇచ్చేసింది.

ఇప్పుడు గాలి మారింది. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023 జులైలో, జీ20 సమావేశం వేళ, హంపిలో 450 మందికి పైగా లంబాణీ మహిళలు చేసిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్‌ రికార్డుకెక్కింది.

దాది గిన్నెలకిచ్చిన లాంటి ముక్కలే నేడు సిటీ షాపుల్లో సంచులై, దిండు గలీబులై అమ్ముడుపోతున్నాయి. ఫ్యాషన్ తిరిగొచ్చింది సరే, కుట్టు పేర్లు తెలిసినోళ్లు మాత్రం తగ్గిపోతున్నారు. ఈ సెలవుల్లో మీ దాది పక్కన కూర్చోండి. ఏ కుట్టును ఏమంటారో గోర్‌బోలీలోనే అడిగి రాసుకోండి.