పై చదువుకు పైకం ఎక్కడిది?

ముంబయి తెలుగువారి చరిత్ర అనగానే మనం కష్టించిన చేతుల గురించి చెప్పుకుంటాం. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యపు పల్లెలు విడిచి వచ్చిన కామాటీలు ఈ నగరంలో రోడ్లు పోశారు, గోడలు లేపారు. వారు కాపురమున్న పేట కామాటిపుర అయింది. తర్వాత పద్మశాలీలు మగ్గాలు వదిలి గిరణీల్లో చేరారు. ఇదంతా మనం పదేపదే చెప్పుకున్నదే. ఆ ఖోలీల్లో పుట్టిన పిల్లల పై చదువుకు డబ్బు ఎవరిచ్చారన్న సంగతి మాత్రం అంతగా చర్చకు రాలేదు. ఆ లెక్క కూడా ఒకసారి చూసుకోవాలి.

మహాత్మా జోతిరావు ఫూలే 1873 సెప్టెంబరు 24న పుణేలో సత్యశోధక సమాజాన్ని స్థాపించారు. బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో తెలుగు కాంట్రాక్టర్లు, వ్యాపారులు ముఖ్యులు. వెంకు బాళోజీ కాలేవార్, జాయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు, నరసింగరావు సాయిబు వడ్నాల మొదలైనవారి పేర్లు ఆ ఉద్యమ చరిత్రలో కనిపిస్తాయి. పేర్ల తీరు కొంత మరాఠీ అయినా వారి మూలాలు తెలుగువే. కూలీల మధ్య నుంచి ఎదిగిన ఈ పెద్దలు చదువు ఉద్యమానికి చేయూతనిచ్చారంటే, చదువు విలువ కామాటిపురకు ఎవరో వచ్చి నేర్పలేదన్నమాట.

ఆ ఫూలేయే 1882లో హంటర్ విద్యా కమిషన్‌కు సమర్పించిన నివేదికలో స్కాలర్‌షిప్పుల ప్రస్తావన తెచ్చారు. పోటీ పెట్టి స్కాలర్‌షిప్పులు ఇవ్వడం పైకి న్యాయంగానే కనిపిస్తుందనీ, దానివల్ల చదువు కొత్త వర్గాలకు పాకదనీ ఆయన వాదన. చదువు అందని వర్గాలకు కొన్నింటిని ప్రత్యేకించమని కోరారు. ఇందులోని మర్మం చాల్‌లో బతికినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఒకే గదిలో పదిమంది ఉండే ఇంటి పిల్లవాడికీ, విడిగా చదువుకునే గది ఉన్న పిల్లవాడికీ పరీక్షపత్రం ఒకటే, పరిస్థితి ఒకటి కాదు.

సర్కారు ఆ మాట పట్టించుకోవడానికి చాలాకాలం పట్టింది. ఈలోగా పై చదువుకు దిక్కు సంస్థానాధీశులు, ధర్మనిధులు. పరేల్ చాల్‌లో పెరిగిన అంబేడ్కర్ 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళింది బరోడా మహారాజు ఇచ్చిన మూడేళ్ళ స్కాలర్‌షిప్పుతో. గడువు తీరగానే 1917లో లండన్ చదువు సగంలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. సొంతంగా కూడబెట్టిన జీతం, కొల్హాపూర్ ఛత్రపతి సాయం, ఒక పార్సీ మిత్రుడి అప్పు కలిస్తేగానీ 1920లో మళ్ళీ బయలుదేరలేకపోయారు. అంతటి మేధావికే దారిలో డబ్బు అడ్డం పడిందంటే మామూలువాళ్ళ మాట చెప్పాలా? ఇదే ఊళ్ళో 1892లో జంషెడ్జీ టాటా నెలకొల్పిన నిధి విదేశీ చదువుకు అప్పు ఇచ్చేది. అప్పు తీసుకోవాలంటే తీర్చగలమన్న ధైర్యం ఉండాలి. రోజుకూలీ ఇంట అది ఎక్కడిది?

తెలుగువారి కథల్లో యల్లాప్రగడ సుబ్బారావుది మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోదగ్గది. 1920ల తొలినాళ్ళలో ఆయన అమెరికా ప్రయాణానికి మామగారితో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పడింది. ఆ నిధి మూలధనం నాయకర్ రంగూన్‌లో గడించినది. అంటే వలస వెళ్ళిన ఒక తెలుగువాడి సంపాదన మరో తెలుగువాణ్ణి హార్వర్డ్ దాకా చేర్చిందన్నమాట. అక్కడ అది చాలక సుబ్బారావు ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రపాత్రలు కడిగే పని కూడా చేశారు. 1925లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించింది ఆ చేతులే.

షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ తర్వాతి స్కాలర్‌షిప్పులు 1944లో మొదలయ్యాయి. క్రమంగా ఇతర వర్గాలకూ వచ్చాయి. ఫూలే అడిగింది కొంత నెరవేరింది. అయితే వలసవాసికి కొత్త చిక్కొకటి వచ్చిపడింది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా చిన్నప్పుడే బొంబాయి చేరి, ఇక్కడే పన్నెండో తరగతి ప్యాసైన ఒక విద్యార్థి పరేల్‌లోని వైద్య కళాశాలలో గిరిజన కోటా కింద సీటు అడిగాడు. ఆంధ్రలో అతని కులం ఆ జాబితాలో ఉంది, మహారాష్ట్రలో లేదు. వలస వెళ్తే ఆ హోదా వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

మహారాష్ట్ర జాబితాలో ఉన్న కులాలవారికి కూడా కాగితం తప్పదు. ఎస్సీలయితే 1950 ఆగస్టు 10, విముక్త జాతులు, సంచార జాతులయితే 1961 నవంబరు 21, ఓబీసీలయితే 1967 అక్టోబరు 13 నాటికే కుటుంబం ఇక్కడ ఉన్నట్టు రుజువు చూపాలి. తాత కట్టిన ఖోలీ భాడా పావతి, మునిసిపల్ తెలుగు బడి ఇచ్చిన దాఖలా మనవడి ఫీజుకు ఆధారమవుతాయి. ట్రంకుపెట్టె అడుగున పడివున్న ఆ పసుపు కాగితాన్ని చిత్తు అనుకుని పారేసిన ఇళ్ళకు దాని వెల తర్వాత తెలుస్తుంది.

1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో రెండున్నర లక్షల మంది వీధిన పడ్డారు. జీతం ఆగిన ఇంట్లో అన్నంకంటే ముందు ఆగేది కాలేజీ. సర్కారు స్కాలర్‌షిప్పు ఫీజు కట్టినా, ఆ కుర్రవాడు తేవలసిన జీతాన్ని ఇంటికి ఇవ్వదు.

ఇక్కడే విశ్వవిద్యాలయాల సహాయకవృత్తి వేరుగా నిలుస్తుంది. గేట్ పరీక్షలో నెగ్గి ఎంటెక్‌లో చేరినవారికి ఇప్పుడు నెలకు 12,400 రూపాయలు వస్తాయి. యూజీసీ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 నుంచి 37,000. అమెరికాలో పీహెచ్‌డీ విద్యార్థికి సాధారణంగా ఫీజు మాఫీ చేసి, వారానికి ఇరవై గంటలకు మించకుండా బోధనలోనో ప్రయోగశాలలోనో పని చేయించుకుని వేతనమిస్తారు. మాస్టర్స్‌కు ఆ సౌకర్యం తక్కువ. అప్పుచేసి పంపే తల్లిదండ్రులు ఈ తేడా ముందే తెలుసుకోవాలి. ఇది దానం కాదు, చదువుతూ చేసే కూలి. కామాటి అన్న మాటకు అర్థమూ పనివాడనే కదా! ఆ పని మన జాతికి కొత్తేమీ కాదు.

కానీ ఫూలే హెచ్చరిక ఇక్కడా వర్తిస్తుంది. ఆ ద్వారం దాకా నడవాలంటే ముందు డిగ్రీ పూర్తికావాలి. కోచింగుకు, పరీక్ష రుసుముకు, దరఖాస్తులకు, మొదటి ప్రయాణానికి చేతిలో కొంత ఉండాలి. పెద్ద మొత్తం విశ్వవిద్యాలయం ఇస్తుంది. దానికి ముందు కావలసిన చిన్న మొత్తం ఇచ్చేవాళ్ళు లేకనే చాల్ పిల్లలు మధ్యలో ఆగిపోతున్నారు. ఆ ఖాళీని పూరించగలిగేవి మన కుల సంఘాలు, తెలుగు సంఘాలు. సన్మానాల శాలువాల ఖర్చులో కొంత అటు మళ్ళిస్తే అదే మన సత్యలింగ నిధి అవుతుంది.

మరొక్క మాట. కామాటిపుర పునర్నిర్మాణానికి రాష్ట్ర ప్రభుత్వం 2023లో ఆమోదం తెలిపింది. పాత గోడలు పోయి కొత్త గదులు వస్తే సంతోషమే. సామాను సర్దేటప్పుడు పావతులు, బడి దాఖలాలు మాత్రం ముందు తీసి పెట్టండి. మన తాతలు ఈ ఊరు కట్టారనడానికి సాక్ష్యాలు చాలానే ఉన్నాయి. ఈ ఊళ్ళో ఉన్నారనడానికి మాత్రం ఆఫీసువాళ్ళు ఆ కాగితమే అడుగుతారు.