ఎనిమిది గంటల జీతం

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, రోజుకు తొమ్మిది గంటలున్న పని పరిమితిని పదికి పెంచింది. మూడు నెలల్లో చేయించుకోదగ్గ ఓవర్‌టైము 75 గంటల నుంచి 144 గంటలకు చేరింది. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది, దాటితే రెట్టింపు కూలి ఉంది, ఇక బాధేమిటన్నది సర్కారు వాదన. కాగితం మీద ఆ మాట నిజమే. అయినా విజయవాడకు పదహారు కిలోమీటర్ల దూరాన, ఒక పక్క కృష్ణ, మరో పక్క కొండపల్లి కొండలు, మధ్యన థర్మల్ పొగగొట్టాలు ఉన్న ఇబ్రహీంపట్నంలో షిఫ్టు దిగిన మనిషిని ఎవరిని కదిపినా చాకిరీ ఎక్కువ, జీతం తక్కువ అంటాడు. దీన్ని రెండు ఫిర్యాదులుగా వినడం మనకు అలవాటైంది: గంటల సంగతి ఒకటి, రూపాయల సంగతి ఒకటి. నిజానికి ఫిర్యాదు ఒక్కటే. ఎనిమిది గంటల పనికి ఇల్లు గడిచే జీతం రాకపోతే, చట్టం పెంచినా పెంచకపోయినా గంటలు వాటంతటవే పెరుగుతాయి. ఆ జీతం ఈ ప్రాంతానికి ఎలా వచ్చిందో, ఎలా చేజారిందో తెలియాలంటే కాస్త వెనక్కి, ఆనకట్ట రోజులదాకా వెళ్లాలి.

బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855కి పూర్తయింది. కాలువల కింద మాగాణి పెరిగింది, దాంతోపాటు సెంటు భూమి లేని కూలి జనమూ పెరిగింది. తొలి ఏకాదశికి కుదిరిన పాలేరుకు ఏడాది జీతం ధాన్యంగా ముట్టేది. కోడి కూసింది మొదలు రాత్రి పశువులకు మేత వేసేదాకా అతని పనికి గంటల లెక్కే లేదు. రోజు కూలీలకు పొద్దు పొడవడం, పొద్దు గూకడం, ఈ రెండే గడియారం. నాట్లకూ కోతలకూ వేరే పద్ధతి ఉండేది, ఇప్పటికీ ఉంది: ముఠా మేస్త్రీతో ఎకరాకు ఇంతని గుత్త మాట్లాడుకోవడం. గుత్తకిచ్చిన రైతు చూసుకునేది ఎకరాన్ని. ఎందరు దిగారు, ఎంతసేపు నడుం వంచారన్నది ముఠా గొడవ. తక్కువ మంది దిగితే తలకు నాలుగు రూపాయలు ఎక్కువ పడతాయి కాబట్టి, ఎవరూ అదిలించకుండానే ముఠా తన నడుం తానే విరగ్గొట్టుకుంటుంది. 1930లలో పుచ్చలపల్లి సుందరయ్య వంటివారు ఆంధ్రలో వ్యవసాయ కూలీ సంఘాలు కట్టడానికి పూనుకున్నది ఇలాంటి పొలాల్లోనే. ఆ తరం ఈనాటివాళ్లకన్నా ఎక్కువ సేపు పనిచేసింది, చాలా తక్కువ తిన్నది. ఇందులో సందేహం లేదు. సుఖానికి అలవాటుపడి ఏడుస్తున్నారని నేటి కార్మికుణ్ణి తప్పుపట్టేవాళ్లకు ఇదే పెద్ద ఆధారం. ఆ సంగతి తర్వాత చూద్దాం.

గంటలకు హద్దు మిల్లుల వైపు నుంచి వచ్చింది, అదీ చుక్కలు చుక్కలుగా. 1881 నాటి తొలి ఫ్యాక్టరీ చట్టం పట్టించుకున్నది పిల్లల్నే. వయోజన పురుషులకు, బట్టల మిల్లుల్లో మాత్రమే, రోజుకు 12 గంటలన్న పరిమితి 1911లో వచ్చింది. 1918 ఏప్రిల్‌లో మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులు మద్రాసు లేబర్ యూనియన్ కట్టుకున్నప్పుడు వాళ్ల తొలి బాధల్లో ఒకటి మధ్యాహ్నం అన్నం తినడానికి తీరిక చాలకపోవడం. 1922 చట్టం వారానికి 60 గంటలంది, 1934 చట్టం 54కు దించింది. 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన అంబేడ్కర్ కాలంలో ఆ లెక్క 48కి దిగింది. 1948 ఫ్యాక్టరీల చట్టం దాన్ని నిలబెట్టి, అదనపు గంటకు రెట్టింపు కూలి అంది. ఆ రెట్టింపును యజమాని చేతికి ఖర్చు తగిలి వెనక్కి తగ్గాలనే పెట్టారు. ఇవాళ అదే రెట్టింపును కార్మికుడికి చూపించే తాయిలంగా మాట్లాడటం వింతగా ఉంటుంది. గంటల హద్దు వచ్చాక దానికి సరిపోయే జీతం ఎంతన్న ప్రశ్న 1957లో 15వ భారత కార్మిక సదస్సు ముందుకొచ్చింది. ఒక మనిషి సంపాదనపై మూడు వినియోగ యూనిట్ల కుటుంబం బతకాలి, తలకు 2,700 కేలరీల తిండి, ఏడాదికి ఇంటికి 72 గజాల బట్ట, అద్దె, వంటచెరకు, దీపం అని సదస్సు లెక్క కట్టింది. పిల్లల చదువు, వైద్యం, పండగా పబ్బం, ముసలితనం వంటి వాటికి మరో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు రెప్టకోస్ బ్రెట్ కేసులో చేర్చింది. ఎనిమిది గంటలు పనిచేసిన మనిషి జీతానికి ఈ దేశం తనకు తాను రాసుకున్న కొలబద్ద ఇది.

ఆ కొలబద్ద కాగితం దిగి ఇక్కడి నేల మీద నడిచింది థర్మల్ స్టేషన్‌తో. ఇప్పుడు నార్ల తాతారావు పేరు పెట్టుకున్న ఆ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో మొదలైంది. 1995 నాటికి 210 మెగావాట్లవి ఆరు యూనిట్లు లేచాయి, 2009లో 500 మెగావాట్లది, 2023లో 800 మెగావాట్లది తోడై మొత్తం 2,560 మెగావాట్లయింది. రాష్ట్ర విద్యుత్ బోర్డులో ఉద్యోగమంటే మూడు షిఫ్టులు, క్వార్టరు, కరువు భత్యం, పెన్షన్. డెల్టా పల్లెల నుంచి ఐటీఐ చదివి వచ్చిన కుర్రవాడికి అది తండ్రి చూడని బతుకు. అందరికీ ఆ ఉద్యోగం దొరకలేదు. దొరకనివాళ్లకు కూడా అది కళ్లెదుట ఉండేది. ఈ రోజు కాకపోతే రేపు, తనకు కాకపోతే కొడుక్కి అన్న ఆశతో ఎండలో మట్టి మోసినవాళ్లున్నారు. జీతం గురించి మనిషి సంతృప్తిలో సగం అంకెది, సగం ఆ అంకె ఎటు నడుస్తోందన్నదానిది. 1999 ఫిబ్రవరి 1న బోర్డును చీల్చి జెన్‌కో, ట్రాన్స్‌కోలు చేశారు. ఆ తేదీ తర్వాత చేరినవారికి పాత పెన్షన్ బదులు పీఎఫ్ పథకం వర్తించింది. లోపలి పర్మినెంట్ ఉద్యోగుల్లోనే ముందు వచ్చినవారు, వెనక వచ్చినవారు అని గీత పడింది. గేటు బయట పడిన గీతతో పోలిస్తే అది సన్నదే.

ఆ పెద్ద గీత పేరు కాంట్రాక్టు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం పేరులోనే రద్దు అన్న మాట ఉంది. ఎడతెగకుండా సాగే పనుల్లో ప్రభుత్వం ఆ పద్ధతిని నిషేధించవచ్చంది. సంస్థ సొంత కార్మికులతో సమానమైన పని చేసే కాంట్రాక్టు కార్మికుడికి సమానమైన కూలి ఇవ్వాలని దాని నిబంధనలు చెప్పాయి. నిషేధిస్తే ఆ కార్మికులు సంస్థ ఉద్యోగులే అవుతారని 1996లో ఎయిరిండియా కేసులో సుప్రీంకోర్టు అంటే కొన్నాళ్లు ఆశ పుట్టింది. 2001 ఆగస్టు 30న ‘సెయిల్’ కేసులో అదే కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. పద్ధతి రద్దయినంత మాత్రాన ఉద్యోగం రాదంది. అంటే కార్మికుడు కోర్టులో గెలిస్తే కాంట్రాక్టు పోతుంది, దాంతోపాటు తన పనీ పోతుంది. రెండేళ్లకు 2003లో ఆంధ్రప్రదేశ్ ఒక సవరణ తెచ్చింది. సంస్థకు ముఖ్యమైన పనిలో కాంట్రాక్టు కూడదంటూనే పారిశుధ్యం, కాపలా, క్యాంటీన్, సరుకు ఎక్కించడం దించడం, తోటపని, రవాణా వంటివాటిని ముఖ్యమైన పనుల జాబితా నుంచి తప్పించింది. ముఖ్యమైన పనిలో కూడా ఇన్ని సందర్భాల్లో పెట్టుకోవచ్చని మినహాయింపులిచ్చింది. బొగ్గు దింపకుండా, బూడిద ఎత్తకుండా థర్మల్ కేంద్రం ఒక్క వారం నడుస్తుందా అని అడిగితే దానికి ఆ జాబితాలో జవాబు లేదు. మన రాష్ట్రం రాసిన ఈ సూత్రమే 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోకి దాదాపు యథాతథంగా ఎక్కి, 2025 నవంబరు 21 నుంచి దేశమంతటికీ చట్టమైంది. దేశానికి మనం దారి చూపిన సందర్భాల్లో ఇదొకటి, గర్వపడాలో లేదో పాఠకులే తేల్చుకోవాలి.

ఈ పద్ధతిలో పని భారం ఎలా పెరుగుతుందో తెలియాలంటే టెండరు కాగితం చూడాలి. తక్కువ కోట్ చేసినవాడికి పని దక్కుతుంది. డీజిలు ధర అందరికీ ఒకటే, యంత్రాల అద్దె దాదాపు ఒకటే. పోటీదారులు తగ్గించుకోగలిగింది మనిషి ఖర్చొక్కటే. రేటును కనీస వేతనం దిగువకు బాహాటంగా దించలేరు కాబట్టి మనుషుల్ని తగ్గిస్తారు, పదిమంది పని ఏడుగురితో లాగిస్తారు, లేకపోతే పీఎఫ్, ఈఎస్‌ఐల దగ్గర చెయ్యి బిగిస్తారు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా సర్వీసు మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. ఇరవై ఏళ్లు అదే కన్వేయరు కింద నిలబడ్డవాడు కాగితం మీద ఎప్పుడూ కొత్తవాడే. పొలం గుత్తలో మేస్త్రీ కనీసం ముఠాతోపాటు ఊళ్లో ఉండేవాడు, పేరు పెట్టి అడగొచ్చు. ఇక్కడ జీతం పెంచమని ఎవరినడగాలో తెలియదు. సంస్థ కాంట్రాక్టరును చూపిస్తుంది, కాంట్రాక్టరు టెండరు రేటు చూపిస్తాడు. పర్మినెంట్ ఉద్యోగుల సంఘాలు ఈ ఇరవై ఐదేళ్లలో దీన్ని తమ పోరాటంగా నెత్తికెత్తుకోలేదన్నది కూడా చెప్పుకోవాలి. పక్కవాడి చవక కూలి రేపు తమ ఉద్యోగాల్ని తింటుందని వాళ్లు ఊహించలేదు. రిటైరైనవారి ఖాళీలు నిండకపోవడం చూశాక ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

ఇది ఒక్క ఇబ్రహీంపట్నం కథయితే స్థానిక అన్యాయమని సరిపెట్టుకోవచ్చు. దేశంలోని నమోదైన ఫ్యాక్టరీల వార్షిక సర్వే లెక్కల్లో 1990ల చివర కార్మికుల్లో ఆరోవంతు లోపే ఉన్న కాంట్రాక్టు కూలీలు 2022-23కి 40 శాతం దాటారు. అదే సర్వేలో, ఫ్యాక్టరీలు సృష్టించిన నికర విలువలో కార్మికుల కూలి వాటా 1980ల మొదట్లో ముప్పై శాతానికి దగ్గరగా ఉండి, 2000ల చివరికి పదికి అటూ ఇటూ పడిపోయింది. ఆ తర్వాత కొంత కోలుకున్నా పాత స్థాయి దరిదాపులకు రాలేదు. 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే వాటిలో ఉద్యోగాలు 1.5 శాతమే పెరిగాయని 2024-25 ఆర్థిక సర్వేలో కేంద్ర ప్రభుత్వమే రాసింది. 1957 కొలబద్దను ఈ కాలానికి తగ్గట్టు తిరగరాసిన సత్పతి కమిటీ 2019లో రోజుకు 375 రూపాయలు జాతీయ కనీస వేతనంగా ఉండాలంది. సర్కారు అప్పుడు ప్రకటించిన కనీసం 178 రూపాయలు. కార్మికుడు జీతం చాలడం లేదంటే అది అతని మనసులో పుట్టిన భ్రమ కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అయినా అభ్యంతరం ఉంది. తాత గంజి తాగాడు, మనవడి చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, ఆశలు పెరిగాయి గనకే అసంతృప్తి అంటారు. ఆశలు పెరిగిన మాట నిజం. అయితే ఏ ఆశలు? పిల్లల చదువు, వైద్యం, అద్దె. అద్దె 1957 లెక్కలోనే ఉంది, మిగతా రెండూ 1991లో కోర్టు జీతంలో కలపమన్నవే. ప్రభుత్వ బడి, ప్రభుత్వ ఆసుపత్రి నమ్మదగ్గవిగా ఉంటే ఇవి జేబులోంచి పోవు. విజయవాడ చుట్టూ కార్పొరేట్ కాలేజీలు లేచిన తీరు చూసినవారికి కార్మికుడి జీతం ఎటు పోతోందో వేరే చెప్పనక్కర్లేదు. పైగా కూలి పెరగడం కాలం తెచ్చే వరమేమీ కాదు. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలయ్యాక కొన్నేళ్లు పల్లె కూలి నిజంగా పెరిగింది. వేరే పని ఉందని చెప్పగలిగిన కూలీ బేరమాడగలిగాడు. కూలి ఖర్చు భరించలేకున్నామన్నది 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. రైతు బాధా నిజమే, అతనికి గిట్టుబాటు ధర రాలేదు. కానీ బేరమాడే బలం ఉన్నచోట కూలి పెరుగుతుందని, 2014 తర్వాత ఆ బలం సన్నగిల్లాక పెరుగుదల నిలిచిపోయిందని ఆ పదేళ్లు రుజువు చేశాయి.

కార్మికులే ఓటీ కావాలని అడుగుతున్నారు గదా అన్నది రెండో అభ్యంతరం. అడుగుతున్నారు. నెల జీతంతో నెల గడవనివాడు పదకొండో గంట కూడా అడుగుతాడు. దాన్ని ఇష్టమనడం, అప్పు చేసినవాణ్ణి వడ్డీ కట్టడం ఇష్టమా అని అడగడం లాంటిది. ఆ గంటలు ఇంట్లో ఎవరి మీద పడతాయో కూడా చూడాలి. 2024 కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు దానికే వెచ్చిస్తే, చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చించారు. భర్త పదో గంట పనిచేస్తే ఆ 289 తగ్గవు. ఆమె కూడా ఏ ప్యాకింగ్ షెడ్డుకో వెళ్తుంటే చెప్పనే అక్కర్లేదు. చదువుకున్నవారికి ఇది తప్పిందనుకోవడమూ పొరపాటే. ఉమ్మడి రాష్ట్రం 2002లోనే ఐటీ సంస్థలను దుకాణాల చట్టంలోని పనిగంటల నిబంధనల నుంచి మినహాయించింది. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీల నుంచి వెళ్లి పెద్ద ఐటీ కంపెనీల్లో చేరే కుర్రవాళ్ల మొదటి జీతం దశాబ్దానికి పైగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల చుట్టే తిరిగింది. వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అన్నప్పుడు ఆయన చెప్పని సంగతి ఇదే.

జీతాలు పెంచితే పరిశ్రమ తమిళనాడుకో గుజరాత్‌కో పోతుందన్నది చివరి మాట. బట్టల ఫ్యాక్టరీ విషయంలో ఆలోచించదగ్గదే. కృష్ణ నీటి కోసం, రైల్వే లైను కోసం ఇక్కడ నాటిన థర్మల్ కేంద్రం ఎక్కడికి పోతుంది? దాని ఖర్చులో పెద్ద పద్దు బొగ్గుది, బొగ్గు దింపేవాడి కూలిది కాదు. ప్రభుత్వమే యజమాని అయినచోట చేయదలచుకుంటే చేయగలిగిన పని ఉంది: టెండర్లలో మనుషుల సంఖ్యను, వాళ్ల జీతాన్ని ముందే ఖాయం చేసి పోటీ నుంచి తప్పించడం, కాంట్రాక్టరు మారినా సర్వీసు తెగకుండా చూడడం, సమాన పనికి సమాన కూలి అన్న పాత నిబంధనను అమలు చేయడం. సమాన పని చేసే తాత్కాలిక ఉద్యోగులకూ సమాన వేతనం వర్తిస్తుందని 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. పదో గంటకు అనుమతిచ్చిన శాసనసభ, ఎనిమిది గంటలు పనిచేసిన మనిషి కుటుంబం ఈ రాష్ట్రంలో బతకడానికి ఎంత కావాలో 1957 లెక్క ప్రకారం కట్టి ముందుగా ప్రకటించాలి. ఆ అంకె జీతంగా చేతికొచ్చిన తర్వాత ఓటీ కావాలా అని కార్మికుణ్ణి అడగండి.